ఇద్దరిలో ఎవరో ఒకరు

మొన్న మంగళవారం పొద్దున, నేను ఒకప్పుడు పనిచేసిన స్కూలు వాట్సాప్ గ్రూపులో ఒక ఇంగ్లిష్ వాక్యం వచ్చింది. "వన్ ఆఫ్ అవర్ ఫార్మర్ టీచర్ ఎక్స్‌పైర్డ్." మా పాత టీచర్లలో ఒకరు పోయారని. పేరు లేదు, కింద ఒక ఫొటో ఉంది. అది తెరుచుకునేలోపు నేను చూసింది వాక్యాన్నే. టీచర్ అన్న మాట చివర ఉండాల్సిన ఎస్ లేదు. ఆ లోటు కనిపెట్టడం నాకు నేర్పిన మనిషి ఫొటోనే కాసేపటికి తెర మీద పరుచుకుంది. దాని కింద అప్పటికే ఇరవై జతల చేతులు దణ్ణాలు పెడుతున్నాయి.

ఆమె ఉంటే ఆ ఎస్ గురించి ఏమనేదో నాకు తెలుసు. పిల్లలు "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అన్నప్పుడల్లా చేయి పైకెత్తి ఆగేది. "దోస్తులు మంది ఉన్నప్పుడే గద వాళ్లల్లకెంచి ఒకడు వచ్చేది. ముందు ఆ మందిని నిలవెట్టు. తర్వాత ఒక్కణ్ని పిలువు" అనేది. పిల్లవాడు ఫ్రెండ్స్ అని సరిగ్గా పలికేదాకా ఎత్తిన చేయి దించేది కాదు.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక కాగితం కింద పెట్టిన సంతకం ఆమెను ఎంతగా తినేసిందో తెలిశాక, ఇంకో కాగితం మీదికి ఆ పేరును లాగడం నాకు ఇష్టం లేదు. మేమంతా మేడం అనే పిలిచేవాళ్లం. నేనూ అలాగే పిలుస్తాను.

పదకొండేళ్ల కిందట పద్మారావు నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. మాది తెనాలి వైపు. నాన్న మందుల ఏజెన్సీ కోసం కుటుంబాన్ని సికింద్రాబాద్ తెచ్చాడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, కొత్తగా బీఎడ్ అయింది, నా ఇంగ్లిష్ మీద నాకు చాలా నమ్మకం. మేడంకి యాభై అయిదు దాటి ఉంటాయి. పెద్ద తరగతులకు ఇంగ్లిష్ చెప్పేది. సన్నటి మనిషి. నేత చీర కింద మగపిల్లలు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేది. ఆ బూట్లను చూసి టీచర్లు నవ్వుకునేవారు. పెళ్లి చేసుకోలేదో, చేసుకుని విడిపోయిందో ఎవరికీ తెలియదు. అడిగే చనువు ఆమె ఎవరికీ ఇవ్వలేదు.

కొత్తగా చేరినవాళ్లు సీనియర్ల క్లాసులు చూడాలని నియమం ఉండడంతో మొదటి వారం ఆమె క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆ రోజు ఆమె ఒక పళ్లెంనిండా జామకాయలు తెచ్చింది. పళ్లెం మొత్తం ఎత్తి చూపించి ఇది ఆల్ అంది. తర్వాత బెంచీల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి దగ్గర ఆగి, పేరు పెట్టి పిలిచి, మొహంలోకి చూసి, చేతిలో ఒక కాయ పెట్టింది. ఇది ఈచ్. అందరికీ పంచాక గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ఖాళీ చేతులు ఎవరివైనా ఉన్నాయేమోనని గదంతా వెతికింది. ఇది ఎవ్రీ. "ఈచ్ అన్నప్పుడు మొఖం చూడాలె. ఎవ్రీ అన్నప్పుడు ఎన్కకు మర్రి చూడాలె" అని చెప్పింది. నేను ఎంఏలో చదివిన వ్యాకరణమంతా కలిపినా ఆ జామకాయలంత స్పష్టంగా లేదు.

'ది' అన్న చిన్న మాటంటే ఆమెకు భయం. అది వేలు పెట్టి చూపించే మాట అనేది. ఒక పిల్ల వ్యాసంలో "ది సర్వెంట్ స్టోల్ ఇట్" అని రాస్తే ఆ పిల్లను బల్ల దగ్గరికి పిలిచి చాలాసేపు మాట్లాడింది. ఏ పనిమనిషి, ఎందరిలో, నువ్వు చూశావా, చూడకపోతే వేలెందుకు చూపించావు, ఇలా. ఆ పిల్ల ఏడ్చింది. మేడం ఓదార్చలేదు. ఆమె తను కూడా ఎవరినీ వేలితో చూపించేది కాదు. తలుపు అటు అని చెప్పాలన్నా అరచేయి చాచేది.

హాజరు తీసుకునే పద్ధతి ఇంకా విచిత్రం. ఆమె క్లాసులో ప్రెజెంట్ మేడం అంటే కుదరదు. పేరు పిలవగానే పొద్దున ఏం తిన్నారో చెప్పాలి. ఉప్మా, రొట్టె, చాయ్‌బిస్కెట్, ఏం తినలే. పిల్లలకు అది ఆటలా ఉండేది. ఒకసారి నేను కారణం అడిగాను. ప్రెజెంట్ అని ఒకరి బదులు ఇంకొకరు చెప్పొచ్చు గాని, పొద్దున్నే ఇంకొకరి కడుపులో ఏం పడిందో ఎవరూ చెప్పలేరు గద అంది. నవ్వుతూ అన్నదేమోనని చూశాను. ఆమె మొహంలో నవ్వు లేదు.

ఆ పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఉండేది. ఐదర్, నైదర్, ఎనీ. ఇద్దరిలో ఎవరైనా, ఇద్దరిలో ఎవరూ కాదు, అందరిలో ఎవరైనా. ఆ పేజీ వచ్చిన రోజు ఆమె నన్ను పిలిపించి, "జెర ఈ ఒక్క పేజీ నువ్వు చెప్తవా బిడ్డా" అని అడిగి, క్లాసు బయట వరండాలో నిలబడింది. తలనొప్పేమో అనుకున్నాను. మరుసటి ఏడు అదే పేజీకి మళ్లీ నన్నే పిలిచింది. ఆమె పుస్తకంలో ఆ కాగితం ముందు వెనక కాగితాలతో కలిపి క్లిప్పు పెట్టి ఉంది.

స్కూలుకు మూడు పసుపు బస్సులుండేవి. పొద్దున పిల్లల్ని దించాక గోడవారగా ఆగేవి. రెండో బెల్లు అవగానే మేడం కిందికి దిగి మూడు బస్సులూ ఎక్కేది. చివరి సీటు దాకా నడిచి, ప్రతి సీటు కిందా వంగి చూసి దిగేది. అది ఆమె డ్యూటీ కాదు. ఆ పనికి ఆయాలున్నారు. డ్రైవర్లు ఆమెను చెకింగ్ మేడం అనేవారు. ఒకసారి ఒక డ్రైవర్ తమాషాకు చిన్నపిల్లల నీళ్లసీసా ఒకటి కావాలని చివరి సీటు కింద పెట్టి చాటు నుంచి చూశాడట. ఆమె దాన్ని తీసుకుని ఆ సీట్లోనే కూలబడిపోయింది. గంట గడిచినా దిగలేదు. పిలిస్తే పలకలేదు. అతనే భయపడి ప్రిన్సిపాల్ సార్ దగ్గరికి పరిగెత్తాడు. ఆ తర్వాత ఆమె బస్సు ఎక్కితే డ్రైవర్లు బీడీ పారేసి లేచి నిలబడేవారు.

మార్చి నుంచి ఆమె మరీ మారిపోయేది. ఎండ పెరిగేకొద్దీ నిద్ర తగ్గుతున్నట్టు కళ్లు లోపలికి పోయేవి. స్టాఫ్‌రూంలో బస్సులు కనబడే కిటికీ దగ్గర తప్ప ఎక్కడా కూర్చునేది కాదు. ఎవరైనా పిల్లలంతా వెళ్లిపోయారు అంటే, "అంతా అంటే?" అని అడిగేది. మాకు విసుగు పుట్టేది. కొంచెం భయం కూడా వేసేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఏదో జరగబోతున్నదని ఆమె ఒక్కదానికే కబురు అందినట్టుండేది.

నేను చేరిన మూడో ఏడు, పరీక్షలయ్యాక, మూడో, నాలుగో తరగతుల పిల్లల్ని మౌలాలి గుట్టకు తీసుకెళ్లాలని అనుకున్నాం. ముప్పై నాలుగు మంది పిల్లలు, నేను, స్వప్న అని నా ఈడు టీచరు. తల్లిదండ్రులకు పంపడానికి, ఫైల్లో పెట్టడానికి ఇంగ్లిష్‌లో సూచనలు రాయమని ప్రిన్సిపాల్ సార్ నాకు చెప్పారు. అందులో ఒక వాక్యం, "ఐదర్ టీచర్ విల్ కౌంట్ ది చిల్డ్రన్ బిఫోర్ లీవింగ్." బయల్దేరే ముందు ఇద్దరు టీచర్లలో ఎవరో ఒకరు పిల్లల్ని లెక్కపెడతారు. రాశాక నాకు ఆ వాక్యం ముచ్చటగా అనిపించింది.

మేడం కాగితం చదివి ఆ వాక్యం దగ్గర ఆగింది.

"గిది మార్చు" అంది.

ఏం తప్పుంది మేడం అని అడిగాను.

"తప్పు లేదు. అందుకే మార్చుమంటున్న."

ఆ మాట నాకు అర్థం కాలేదు. ఆమె పెన్సిల్ తీసి నా వాక్యం కొట్టేసి, "ఈచ్ టీచర్ విల్ కౌంట్ ఎవ్రీ చైల్డ్" అని రాసింది. ఒక్కో టీచరూ, ప్రతి పిల్లనూ. నాకు అది మొరటుగా తోచింది. ఇద్దరూ లెక్కపెట్టడం దేనికి, ఒకరు చాలరా? పైగా స్టాఫ్‌రూంలో అందరి ముందూ నా ఇంగ్లిష్‌ను దిద్దింది. సరేనని తలూపి, కంప్యూటర్ గదిలోకి వెళ్లి నా వాక్యాన్నే ప్రింటు తీయించాను.

గుట్టకు వెళ్లే రోజు ఆమె పేరు జాబితాలో లేదు. అయినా పొద్దున్నే వచ్చి బస్సు ముందు సీట్లో కూర్చుంది. ప్రిన్సిపాల్ సార్ వద్దనలేకపోయారు. మౌలాలి చేరాక, మోకాళ్ల వల్ల మెట్లెక్కలేనని కింద చాయ్ హోటల్ ముందు స్టూలు మీద ఉండిపోయింది. ఒళ్లో పిల్లల పేర్ల జాబితా. ఎక్కుతున్న పిల్లల్ని ఒక్కొక్కరిని పేరుతో పిలిచి పంపింది.

పైన దర్గా దగ్గర గాలి బాగుంది. పిల్లలు నగరాన్ని చూసి మా ఇల్లెక్కడ అంటే మా ఇల్లెక్కడ అని గోల చేశారు. ఫొటోలు తీసుకున్నాం. పదకొండు గంటలకే బండలు కాలడం మొదలైంది. దిగిపోదామని స్వప్న ముందు, నేను వెనక నడిచాం. కింద బస్సు దగ్గర మేడం మెట్ల చివర నిలబడి, దిగిన ఒక్కొక్కరి తలా తాకుతూ పేరు పక్కన గీత పెట్టుకుంటోంది. ముప్పై మూడు దగ్గర ఆమె చేయి ఆగింది.

మూడో తరగతి అక్షిత లేదు.

పైన నువ్వు లెక్కపెట్టావనుకున్నాను అని స్వప్నతో అన్నాను. అదే మాట స్వప్న నాతో అంది. ఇద్దరం ఒకేసారి అన్నాం. మేడం మా ఇద్దరి మధ్యే ఉంది. కోప్పడలేదు. గిర్రున తిరిగి బస్సు వైపు పరిగెత్తింది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి ఆ బూట్లతో ఎంత వేగంగా పరిగెత్తిందంటే, చాయ్ హోటల్ వాళ్లు లేచి చూశారు.

మిగతా పిల్లల్ని స్వప్నకు, హోటల్ ముసలాయనకు అప్పగించి నేను మెట్లెక్కాను. అంత ఎండలో, గొంతు ఎండిపోయి, ప్రతి మలుపులో పేరు పెట్టి అరుస్తూ. మెట్ల పక్కన బండల మధ్య లోతైన సందులున్నాయి. ఎక్కేటప్పుడు అవి నాకు కనిపించలేదు. ఇప్పుడు అవి తప్ప ఇంకేవీ కనిపించడం లేదు. ఒక్కో సందులోకి వంగి చూస్తుంటే, నేను ముచ్చటపడ్డ వాక్యం తలలో తిరుగుతూనే ఉంది. ఎవరో ఒకరు. ఎవరో ఒకరు.

నలభై నిమిషాల తర్వాత, పైనుంచి దిగుతున్న ఒక బురఖా ఆమె చేయి పట్టుకుని అక్షిత కనిపించింది. నీళ్ల కోసం నల్లా దగ్గరికి వెళ్లి దారి తప్పిందట. ఆమె తన పిల్లలతోపాటు అక్షితకూ అన్నం పెట్టి, వెంటబెట్టుకు వస్తోంది. జాగ్రత్తగా చూసుకోవాలి గదమ్మా అని ఆమె మెల్లగా అంది. నేను ఆమెకు దణ్ణం పెట్టానో లేదో నాకు గుర్తు లేదు.

కిందికి రాగానే మేడంకు చెప్పాలని బస్సెక్కాను. లోపల పొయ్యిలా ఉంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మేడం చివరి వరస దగ్గర నేల మీద మోకాళ్లూ చేతులూ ఆనించి ఉంది. ఖాళీ బస్సు, చూస్తే తెలిసిపోతోంది ఎవరూ లేరని. అయినా ఆమె ప్రతి సీటు కిందా చేయి పెట్టి తడుముతోంది. చీరంతా దుమ్ము, చెమట. ఆ నలభై నిమిషాలూ ఆమె ఆ బస్సులోనే ఉందని తర్వాత డ్రైవర్ చెప్పాడు. ఒకసారి చివరిదాకా తడిమి, మళ్లీ మొదటి సీటు నుంచి మొదలుపెట్టిందట.

"దొరికింది మేడం" అన్నాను.

"ఎవరు?"

"పాప."

"ఏ పాప? పేరు చెప్పు."

చెప్పాను. నా వైపు కొంచెంసేపు చూసింది. నన్ను గుర్తుపడుతోందో లేదో తెలియలేదు. "అక్షితనా" అని, "ఆమె గాదు" అంది. ఆ తర్వాతే ఏడ్చింది.

పిల్లలకు హోటల్ నీడలో అన్నం డబ్బాలు తెరిచి కూర్చోబెట్టాక, బస్సు మెట్టు మీద కూర్చుని ఆమె నాకు సంగతి చెప్పింది. ఎండకేసి చూస్తూ, క్లాసులో పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది.

అంతకు ఎన్నో ఏళ్ల ముందు ఆమె వేరే స్కూల్లో పనిచేసేది. ఊరవతల, ఇప్పుడది లేదు. తనిఖీ రాబోతోందని అన్ని పనులకూ ఇంగ్లిష్‌లో నియమాలు రాసి గోడకు పెట్టాలని యాజమాన్యం అంది. స్కూల్లో మంచి ఇంగ్లిష్ ఆమెదే. బస్సుకు ఇద్దరు ఆయాలు. పొద్దుటి ఆఖరి ట్రిప్పు అయ్యాక వాళ్లు బస్సంతా చూడాలి. "బోత్ అని ముందు రాసిన. ఇద్దరు చూడాలె అని. మళ్ల కొట్టేసి ఐదర్ పెట్టిన. గదే మంచి ఇంగ్లిష్ అనిపిచ్చింది. పెద్దసార్ చదివి బాగుందమ్మా అన్నడు. కింద నా దస్తఖత్ పెట్టిన."

ఏప్రిల్‌లో ఒక రోజు ఒక ఆయా బస్సు చూడలేదు. ఇంకో ఆయా కూడా చూడలేదు. ఆమె చూసి ఉంటుందని ఈమె, ఈమె చూసి ఉంటుందని ఆమె. ఎల్‌కేజీ పిల్ల ఒకతి సీటు కింద నిద్రపోయింది. చెప్పు జారితే దానికోసం కిందికి దిగి, అక్కడే పడుకుందేమో. పన్నెండున్నరకు మధ్యాహ్నం ట్రిప్పు కోసం బస్సు తలుపు తీసేదాకా ఎవరూ చూడలేదు. తలుపు తీసినప్పుడు మేడం అక్కడే ఉంది. తర్వాతి సంగతి ఆమె చెప్పలేదు. పాప పేరు చెప్పింది. నేను దాన్ని రాయను.

"ఇద్దరు అబద్ధం చెప్పలేదు బిడ్డా. ఎవరో ఒకరు అంటే గంతే గద. ఎవరో ఒకరు చూసిండ్రనే ఇద్దరు అనుకున్నరు."

స్కూలు రాసిన నివేదికలో మాత్రం తప్పంతా ఇద్దరిలో ఒకరి మీదికి పోయింది. ఆ రోజు ఆఖరున దిగింది ఆమేనని. ది ఆయా అని రాశారు. ఆమె ఉద్యోగం పోయింది, కేసు నడిచింది. మేడం విచారణకు వచ్చిన అధికారి ముందుకు వెళ్లి తప్పు తన వాక్యానిదని చెప్పింది. ఆయన గోడకు పెట్టిన ఆ నోటీసు తెప్పించుకుని రెండుసార్లు చదివి, ఇందులో తప్పేముంది, గ్రామర్ సరిగ్గానే ఉంది కదమ్మా అన్నాడు. ఆమె మాట రాసుకోలేదు.

నా బ్యాగులో ప్రింటు తీసిన సూచనల కాగితాలున్నాయి. నేను మార్చలేదన్న సంగతి ఆమెకు అప్పటికే తెలుసో తెలియదో ఇప్పటికీ నాకు తెలియదు.

మరునాడు పొద్దున ఆమె స్కూలు లాగ్‌బుక్‌లో జరిగింది జరిగినట్టు రాసింది. ముప్పై నాలుగు మంది పిల్లల్లో ఒకరు నలభై నిమిషాలు కనబడలేదు. ఇద్దరు టీచర్లలో ప్రతి ఒక్కరూ రెండోవారు లెక్కపెట్టారనుకున్నారు. ఎవరినీ నిందించే మాట అందులో లేదు. ప్రిన్సిపాల్ సార్ ఆ పేజీ చూసి మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచారు. అడ్మిషన్ల కాలం, ఇది బయటికి పోతే స్కూలు మూతపడుతుంది అన్నారు. మీ ఉద్యోగాలు నేను తీయను, మీరే ఒక మంచి వాక్యం రాసివ్వండి అన్నారు.

రాసింది నేనే. "ఆల్ ది చిల్డ్రన్ రిటర్న్డ్ సేఫ్లీ." పిల్లలందరూ క్షేమంగా తిరిగి వచ్చారు. అబద్ధం కాదు. అందరూ వచ్చారు, క్షేమంగానే వచ్చారు. స్వప్న సంతకం పెట్టింది, నేనూ పెట్టాను. లాగ్‌బుక్‌లో ఆ పేజీ లేకుండా పోయింది.

సాయంత్రం మేడం ఆఫీసులో ఆ కాగితం చూసి, స్టాఫ్‌రూంకు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆమె తిడుతుందని, నేను ఏడవొచ్చని, అంతటితో తేలికవుతుందని ఎదురుచూశాను.

"గ్రామర్ల తప్పేం లేదు" అని లేచి వెళ్లిపోయింది.

జూన్‌లో స్కూలు తెరిచేసరికి ఆమె లేదు. వయసైంది, విశ్రాంతి కావాలని తనే అడిగిందని సార్ చెప్పారు. ఎవరూ నమ్మలేదు, ఎవరూ అడగలేదు. నేను ఇంకో ఏడాది అక్కడుండి పెద్ద స్కూలుకు మారాను. ఇప్పుడు అక్కడ కోఆర్డినేటర్‌ని. మేడం ఇల్లు రెజిమెంటల్ బజార్‌లో అని తెలుసు. స్టేషన్ వైపు వెళ్లినప్పుడల్లా ఆ సందు దాటేదాన్ని. ఒకసారి సందు మూల దాకా వెళ్లి, కిరాణా కొట్లో అవసరం లేని సబ్బులు కొనుక్కుని తిరిగొచ్చాను.

మంగళవారం మాత్రం వెళ్లాను. కింద బట్టల దుకాణం, పక్కనుంచి ఇరుకు మెట్లు. పైన రెండు గదుల ఇల్లు. ముందుగదిలో ఐస్‌బాక్సు, అందులో మేడం. చుట్టాలు నలుగురైదుగురు గోడవారగా ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. బాక్సు పక్కన చాప మీద ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. మూత మీద పట్టిన నీటి చుక్కల్ని గుడ్డతో తుడుస్తూ, అద్దం లోపలి మొహం కనబడేలా చేస్తోంది. అక్కయ్యేమో అనుకుని పక్కన కూర్చున్నాను. ఏ స్కూలు అని అడిగింది. చెప్పాను.

మీరు మేడంకి ఏమవుతారు అని అడిగాను.

"ఏం గాను" అంది. "గా బస్సు ఆయాను నేను. యాదమ్మ."

ఆమె మామూలుగానే చెప్పుకుపోయింది. ఉద్యోగం పోయాక ఎక్కడా పని దొరకలేదట. కేసుకు తిరిగినన్ని రోజులూ మేడం ఆమె వెంట వచ్చింది. కేసు కొట్టేశాక, యాదమ్మను మొగుడు ఇంట్లోకి రానివ్వలేదని తెలిసి మేడం తన ఇంటికి తెచ్చుకుంది. అప్పటి నుంచి ఇక్కడే. యాదమ్మే వండింది, మేడం మోకాళ్లకు నూనె రాసింది, ఆఖరు రెండేళ్లూ ఎత్తి కూర్చోబెట్టింది.

కొంతసేపటికి ఆమె బాక్సు వైపు ఒకసారి చూసి, నా మోచేయి పట్టుకుని లేపింది. వెనక వరండాలోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసింది. గొంతు బాగా తగ్గించింది.

"రోజు అడుగుతుండె నన్ను. యాదమ్మా, నేను ఐదర్ అనకుండ బోత్ అని రాసుంటె మీరిద్దరు చూస్తుంటిరి గద అని. చూస్తుంటిమి మేడం అని నేను. ఏడుస్తుండె. మల్ల తెల్లారి అడుగుతుండె."

కింద బజారులో ఎవరో స్కూటర్ మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తున్నారు.

"గా నోటీసు మాకు ఎవరు చదివి చెప్పలే బిడ్డా. ఇంగ్లిష్ల ఉండె. మాకు తెలుగే సక్కగ చదువరాదు. ఈడ దస్తఖత్ పెట్టుండ్రి అంటె గా ఇంకో ఆయా ఒకటి, నేనొకటి పెట్టినం. అండ్ల ఏమున్నదో కేసు పడినంక తెలిసింది నాకు."

ఆ సంగతి మేడంకి ఎప్పుడూ చెప్పలేదా అని అడిగాను. చెప్పి ఉంటే ఆ వాక్యం ఆమెను ఇన్నేళ్లు తినకపోయేదేమో అన్నాను.

యాదమ్మ తల అడ్డంగా ఊపింది. "మస్తు సార్లు నోటి దాక వచ్చింది. చెప్తే, మరి నేనెందుకు మీకు చదివి వినిపించలే అని గదొకటి షురూ చేస్తది. ఒక్కదానికే ఆమెకు నిద్ర లేదు. గింకోటి ఏడ మోస్తది."

ముందుగదిలోంచి ఎవరో యాదమ్మా అని పిలిచారు. బండి వచ్చిందట. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, తలుపు సందులోంచి ఆ బాక్సు వైపు చూసింది. మేం మాట్లాడిన మాట అక్కడిదాకా వినబడలేదు కదా అన్నట్టు ఒక్క క్షణం నిలబడి, అప్పుడు తలుపు తీసి లోపలికి వెళ్లింది.